చిన్నమ్మ గొంతు కోసం కట్టిన కెర్నల్

లినక్స్ కెర్నల్‌ను ఎక్కడ కూర్చుని కట్టాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. నేనైతే మారికుప్పంలో బయలుదేరే పొద్దుటి బెంగళూరు రైల్లో, కిటికీ పక్కన, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని కట్టాను. ఈ మాట ఆఫీసులో చెబితే నవ్వారు. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ సామెత మీద నాకు దేవుడి మీదకన్నా ఎక్కువ నమ్మకం.

కెర్నల్ అంటే కంప్యూటర్‌కు మేస్త్రీ లాంటిది. మనం అడిగిన పనిని యంత్రం చేత చేయించేది అదే. మామూలుగా అది తయారుగానే వస్తుంది, వేసుకుని వాడుకుంటాం. కంప్యూటర్ల బాగోగులు చూసే ఉద్యోగం చేస్తున్న నాలాంటి వాళ్లకు కూడా దాన్ని చేత్తో కట్టుకోవాల్సిన అవసరం ఈ రోజుల్లో రాదు. నాకు వచ్చింది. మా చిన్నమ్మ గొంతు కోసం వచ్చింది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. ఇప్పుడు మూతపడిన బంగారు గని కార్మికుల కోసం కట్టిన లైను ఇళ్లలో ఉంటుంది. లైను ఈ చివర నిలబడి ఆమె కేకేస్తే ఆ చివర పడుకున్న కుక్క లేచి నిలబడేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా చిన్నమ్మ నోరు మంచిదని ఇంతవరకు ఏ ఒక్కరూ అనలేదు, కానీ ఆ నోటి వల్లే మా లైనుకు నీళ్లు వచ్చేవి. ఆడవాళ్ల సంఘానికి ఆమే లీడరు. ట్యాంకరు రాకపోతే రాబర్ట్‌సన్‌పేటలోని మున్సిపల్ ఆఫీసుకు పోయి, మెట్ల మీదనుంచే మొదలుపెట్టేది. ఆమె పైకి ఎక్కేలోపు ట్యాంకరు బయలుదేరిపోయేది.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ లేచింది. బెంగళూరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఊపిరి పీల్చడానికి మెడ మీద ఒక రంధ్రం మిగిలింది. రాసింది చదివి వినిపించే యాప్ ఒకటి ఫోన్‌లో వేసి, ఇక మీదట ఇదే మీ నోరమ్మా అని చెప్పి ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపారు.

ఇక్కడే వచ్చింది చిక్కు. మా చిన్నమ్మ చదివింది కన్నడ బడిలో. మాట తెలుగు, రాత కన్నడ, తిట్టు తమిళం. మా ఊళ్లో ఇదేం వింత కాదు. తెలుగు మాటలనే ఆమె కన్నడ అక్షరాల్లో రాస్తుంది, బడి మానిన నాటినుంచీ అలాగే రాస్తోంది. యాప్‌కు ఆ సంగతేం తెలుసు? కన్నడ అక్షరాలు కనబడగానే కన్నడ వార్తలు చదివే అమ్మాయి గొంతు తీసుకుంది. సంఘంలో మొదటిసారి చిన్నమ్మ, "నీళ్ల ట్యాంకరు యాడ చచ్చింది?" అని రాసి నొక్కింది. ఆ అమ్మాయి దాన్ని ఎంతో మర్యాదగా, సాగదీస్తూ, రేపటి వాతావరణం చెప్పినట్టు చదివింది. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు.

"అక్కా, నీ ఫోన్లో ఎవరో మేడమ్ కాపరం పెట్టుండాదే!" అంది మూలింటామె. లైను మూలన ఉన్న ఇల్లు ఆమెది. లీడరు కావాలని ఆమెకు ఎప్పటినుంచో ఉంది.

చిన్నమ్మ ఇంటికొచ్చి ఫోన్‌ను బియ్యం డబ్బాలో పడేసి మూత పెట్టింది. ఆ తర్వాత దాన్ని ముట్టలేదు. రాయమని పలక ఇస్తే గోడకు తిప్పి పెట్టేది.

మూలింటామె ఇదే అదను అనుకుంది. ఇంటింటికీ తిరిగి, "పాపం అక్కకు రెస్టు ఇద్దామమ్మా. మాట లేని మనిషి మున్సిపాలిటీలో పోయి ఏం మాట్లాడతాది? సుమ్నే, ఊరికే అక్కను బేజారు చేసేది ఎందుకు?" అని చెప్పింది. వచ్చే మీటింగులో కొత్త లీడరును ఎన్నుకోవాలని తీర్మానించారు. ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, ఇవతల మనిషి గొంతు తెగి పడుంటే అవతల కుర్చీ లెక్కలు! ఆ వార్త విన్న రోజు చిన్నమ్మ పలకను తనే నా వైపు తిప్పి రాసింది.

"నేను సచ్చినానని వీళ్లకు ఎవరు చెప్పినారే?"

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే గుర్తొచ్చింది డిస్కు.

ఆ డిస్కు సంగతి చెప్పాలి. పాలిటెక్నిక్ అయిపోయిన కొత్తలో నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక కేబుల్ టీవీ ఆఫీసులో పనిచేశాను. ఆఫీసంటే బట్టల కొట్టు మీద ఒక గది. చిన్నమ్మ కూడా అక్కడే, ఇంటింటికీ తిరిగి నెల చందాలు వసూలు చేసేది. ఆమె గొంతు విని ఆపరేటర్, ఊరి ప్రకటనలు తెలుగులో ఆమె చేత చదివించాడు. కరెంటు కోత, తప్పిపోయిన మేక, పోలియో చుక్కలు, శ్రీరామనవమి పానకం, ఎవరింట్లోనైనా చావు, అన్నీ ఆమె గొంతులోనే ఊరికి తెలిసేవి. వాటిని కంప్యూటర్‌లో రికార్డు చేసేది నేను.

ఆ కంప్యూటర్‌లో డిస్కు మరీ చిన్నది. గొంతు ఫైళ్లు నాలుగు వారాలకే నిండిపోయేవి. సైజు తగ్గించే వేరే పద్ధతులు ఉన్నాయి గానీ, వాటిల్లో పెడితే చిన్నమ్మ గొంతు బిందెలోంచి మాట్లాడినట్టు వినిపించేది. నేను ఒప్పుకోలేదు. డిస్కులో ఏది ఎక్కడ సర్దాలో, ఎలా తీయాలో చెప్పే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. ఎవరో మహానుభావుడు దానికి ఒక అదనపు అతుకు రాసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. ప్యాచ్ అంటారు దాన్ని. కెర్నల్‌లో ఆ ప్యాచ్ వేసి కట్టుకుంటే, ఫైళ్లను అదిమి చిన్నవి చేసి దాస్తుంది, అడిగినప్పుడు విప్పి ఇస్తుంది. చలి రగ్గులను మోకాలితో అదిమి పెట్టె మూస్తామే, అలాగ. నేను అలాగే కట్టాను. చిన్నమ్మ గొంతుకోసం రెండో డిస్కు ఒకటి పెట్టించి, దాన్నిండా అలా అదిమి దాచాను. ఒక్క ఫైలు కూడా చెరపలేదు.

కేబుల్ ఆఫీసు మూతపడింది. ఆ కెర్నల్ ఉన్న మొదటి డిస్కు ఎప్పుడో కాలిపోయింది. గొంతులున్న రెండోది నా దగ్గరే, మా బీరువా అడుగున ఉండిపోయింది. దాన్ని తీసి, తుడిచి, తీగ తగిలించాను. గిర్రున తిరిగింది! ముందుగా దాని నకలు ఒకటి తీసి పెట్టుకుని, తెరవమని అడిగాను. ఇప్పటి కెర్నల్ తెరవనంది. ఇందులో నాకు తెలియని లక్షణం ఒకటి ఉంది, ముట్టుకోను పొమ్మంది. ఆ అతుకును కెర్నల్ పెద్దలు ఎన్నడూ తమలో కలుపుకోలేదు. రాసినవాళ్లు కూడా కొన్నాళ్లకు వదిలేశారు.

ఆఫీసులో మా టీమ్ లీడరుకు చూపించాను. నాకంటే చాలా చిన్నవాడు. తెరమీద ఆ సందేశం చూసి, "మేడమ్, ఇది ఎప్పుడో పోయిన పద్ధతి. ఇప్పుడు ఎవరూ వాడరు. వదిలేయండి," అన్నాడు.

"ఎవరూ అంటే ఎవరు? నేను మనిషిని కాదా?" అన్నాను.

"అది కాదు మేడమ్..."

ఏది కాదు? ఇక లాభం లేదని, ఎవరికీ అక్కర్లేదని చెప్పి తలుపులు మూసేయడం మా ఊరి వాళ్లకు కొత్త కాదు. గని మూసినప్పుడు ఇదే మాట చెప్పారు. లోపలికి దిగిన మనుషులు బయట ఇంకా బతికే ఉన్నారని ఎవరికీ తోచలేదు. నేను అతనితో వాదించలేదు. ఆఫీసువాళ్లు పారేయబోతున్న పాత ల్యాప్‌టాప్ ఒకటి అడిగి తెచ్చుకున్నాను. అంతే, మొదలుపెట్టాను.

పాత కెర్నల్ సోర్సు, అంటే దాని అసలు రాత, దొరికింది. ప్యాచ్ కోసం చాలా వెతికితే ఇంటర్నెట్‌లో ఒక పాత భాండాగారంలో దొరికింది. కానీ ఇప్పటి కంపైలర్, అంటే రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది, ఆ పాత రాతను చూసి మూతి విరిచింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది దాని వరస. తెర నిండా తప్పులు, తప్పులు. దాంతో ల్యాప్‌టాప్ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటర్‌ను నిలబెట్టి, అందులో ఆ కాలం లినక్స్ వేసి, ఆ కాలం కంపైలర్‌నే కూర్చోబెట్టాను. ఇంట్లో వంట, ఆఫీసులో ఉద్యోగం. నాకు మిగిలింది రైలు ఒక్కటే.

రైల్లో మా పెట్టె ఆడవాళ్లకు కొత్త వేడుక దొరికింది. ఎదురుగా కూర్చునేది ఛాంపియన్ స్టేషన్‌లో ఎక్కే పూలామె. బుట్ట కాళ్ల దగ్గర పెట్టుకుని మాల కడుతూ నా ల్యాప్‌టాప్ వైపు అనుమానంగా చూసేది.

"ఏందమ్మా అది, లోపల ఏమన్నా వేగతా ఉండాదా? ఇంత సెగ కొడతా ఉండాది!"

"కెర్నల్ కడతా ఉండాను అక్కా."

"కల్నలా? మిలిట్రీ ఆయప్పనా?"

పెట్టె మొత్తం ఘొల్లుమంది. ఆ రోజునుంచి నా పనికి కల్నల్ అని పేరు పడిపోయింది. రోజూ ఎక్కగానే ఎవరో ఒకరు, "కల్నల్ లేచినాడా అమ్మా?" అని అడగడం, "ఇంగా లేవలా," అని నేను చెప్పడం. నాకు కోపం రాలేదు. ఆఫీసువాళ్ల నవ్వు వేరు, వీళ్ల నవ్వు వేరు.

ప్యాచ్ సరిగ్గా అతకలేదు. దాన్ని రాసింది ఒక కెర్నల్ కోసం, నా ఉత్తుత్తి యంత్రం నడిచింది దాని తర్వాత వచ్చిన కెర్నల్‌తో. అతకని చోట్లన్నీ నేనే తెరిచి, ఈ వరస ఆ వరస పక్కపక్కన పెట్టి చదివి, చేత్తో కుట్టాను. ఒక్కోచోట ఎవడు రాశాడురా ఇది అని తిట్టుకున్నాను, ఒక్కోచోట చెయ్యెత్తి దండం పెట్టాను. ఆ తర్వాత కెర్నల్ అడిగే ప్రశ్నల జాబితా. ఇది కావాలా, వద్దా, కావాలంటే లోపలే పెట్టాలా, పక్కన పెట్టి అవసరమైనప్పుడు పిలవాలా? పెళ్లివాళ్లు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. అన్నింటికీ ఓపిగ్గా జవాబు చెప్పి, కట్టమన్నాను. కిటికీ బయట ఊరుగాం, కోరమాండల్ స్టేషన్లు వెళ్లిపోతుంటే తెరమీద వరసలు పైకి పోతూనే ఉన్నాయి. బంగారపేట దాటాక ఆగాయి. తప్పు అన్న మాట ఒక్కటీ లేదు.

కొత్త కెర్నల్‌ను దాని చోట పెట్టి, ఉత్తుత్తి యంత్రాన్ని ఆపి మళ్లీ లేపాను. లేచింది! డిస్కు నకలు తగిలించి తెరవమన్నాను. మారుమాట్లాడకుండా తెరిచింది. నేను పెట్టుకున్న ఫోల్డర్ల పేర్లు వరసగా కనబడ్డాయి.

"అక్కా, కల్నల్ లేచినాడు!" అని గట్టిగా అరిచాను. పూలామె నా జడలో ఒక మూర మల్లెపూలు తురిమింది.

ఫైలు ఒకటి నొక్కాను. చదవలేనంది. ఇంకొకటి నొక్కాను, అదీ అంతే. పేర్లు కనిపిస్తున్నాయి, లోపల ఉన్నది రావడం లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"లేచినాడు గానీ మాట్లాడేదానికి లేదా? మా ఇంటాయన లెక్కనే ఉండాడే," అంది పూలామె.

తప్పు ఎక్కడుందో సాయంత్రం తిరుగు రైల్లో తట్టింది. ఆ ప్యాచ్‌లో ఫైళ్లను అదమడానికి ఒకటి కాదు, చాలా రకాలున్నాయి. అందరూ వాడేదే నేనూ వాడి ఉంటానని, కట్టేటప్పుడు ఆ ఒక్కదానికే అవునని చెప్పాను. అందరూ వాడేది నేనెప్పుడు వాడాను గనక! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కేబుల్ ఆఫీసు కంప్యూటర్‌కు అంత ఓపిక లేదని, దానికి తేలికైన వేరే రకం ఏదో పెట్టి ఉంటాను. ఏదైతే ఏంలే అని, ఈసారి ఉన్నవాటన్నింటికీ అవునని చెప్పి మళ్లీ కట్టాను.

మరుసటి పొద్దున రైల్లో నొక్కాను. మొదట గర్ర్‌మని ఫ్యాను చప్పుడు. కేబుల్ ఆఫీసు ఫ్యాను. తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ప్రేక్షక మహాశయులకు నమస్కారం. రేపు ఉదయం నుండి..."

నేను సౌండు తగ్గించుకునేలోపే, పక్క సీటులో కునుకుతున్న గార్మెంట్స్ ఫ్యాక్టరీ అమ్మాయి కళ్లు తెరిచింది. "ఇది కేబులక్క గదా! మా నాయన సచ్చిపోయిన దినం టీవీలో చెప్పింది ఈయక్కనే!" అంది. ఇంకొకటి పెట్టమని పెట్టెలో అందరూ అడిగారు. మేక తప్పిపోయిన ప్రకటన మొత్తం, ఏ చెవి నల్లగా ఉందో దానితో సహా, అందరూ కదలకుండా విన్నారు. నేను దాచుకోకుండా ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేం?

ఆ సాయంత్రం స్టేషన్ నుంచి నేరుగా చిన్నమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆమెను మంచం మీద కూర్చోబెట్టి వినిపించాను. ఒక ప్రకటన విన్నది. ఇంకొకటి విన్నది. ముఖం వెలుగుతుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె ముఖం ముడుచుకుంటూ పోయింది. మూడో దానికి చెయ్యి అడ్డం పెట్టి ఆపి, పలక తీసుకుంది.

"అప్పుడు ఐద్రాబాదు వార్తలామె మాదిరి చదవాలని నేర్చుకొని చదివినాను. ఫోన్లో ఆయమ్మ బెంగుళూరు, ఇందులో ఈయమ్మ ఐద్రాబాదు. నేను యాడుండాను?"

నిజమే. విన్నంతసేపూ నాకు గొంతే వినబడింది, ఆ భాష చిన్నమ్మది కాదన్న సంగతి తట్టనే లేదు. "నమస్కారం", "మనవి", "దయచేసి" అని జీవితంలో ఎవరితోనైనా ఆమె అన్నదా? ఈ మాటలనే ముక్కలు చేసి ఆమె ఫోన్‌లో పెడదామనుకున్నాను, అవి సంఘంలో వినిపిస్తే మళ్లీ అదే నవ్వు. కానీ డిస్కులో ఇంకొక ఫోల్డరు ఉంది. దాని పేరు "తప్పులు". చదువుతూ చదువుతూ తడబడితే చిన్నమ్మ మామూలు మనిషైపోయేది. నా మీద, ఆపరేటర్ మీద, ఫ్యాను మీద, కింద బట్టల కొట్టులో గోల మీద విరుచుకుపడేది. రికార్డింగు ఆపకుండా నేను అన్నీ రానిచ్చేదాన్ని. ప్రకటనగా పనికిరానివన్నీ ఆ ఫోల్డరులో పడేసేదాన్ని. అదిమే కెర్నల్ ఉంది కాబట్టి చోటుకు కొదవ లేదు.

మొదటిది నొక్కాను.

"థూ, ఇదేం తెలుగే, నోరు తిరగలా! ఏమే, నవ్వినావంటే పళ్లు రాలగొడతాను!"

చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వితే ఇప్పుడు చప్పుడు రాదు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడతాయి. ఎగిరాయి. ఇంకొకటి అని సైగ చేసింది. ఇంకొకటి. అన్నం చల్లారిపోయినా లేవలేదు. మున్సిపాలిటీ వాళ్లను తిట్టింది ఉంది, ఎవరితోనో వద్దు అన్నది ఉంది, సరే అన్నది ఉంది, "ఇంగ చెప్పు" అన్నది ఉంది, ముక్కు చీదింది కూడా ఉంది. ఒక మనిషికి రోజుకు అవసరమయ్యే మాటలు దాదాపు అన్నీ ఉన్నాయి. మర్యాద ఒక్కటే లేదు. అది ఆమెకు ఎప్పుడూ అవసరం పడలేదు.

బియ్యం డబ్బాలోంచి ఫోన్ తనే తీసుకొచ్చింది. ఒక్కో ముక్కకు ఒక్కో మీట పెట్టాను. ఏవి కావాలో ఆమే ఏరుకుంది, మీటల మీద కన్నడ అక్షరాల్లో పేర్లు ఆమే రాసుకుంది. నన్ను చూడనివ్వలేదు.

మీటింగు ఆదివారం పొద్దున, అంగన్‌వాడీ వరండాలో. చిన్నమ్మ పక్కన నేనూ కూర్చున్నాను. ఆమె మెడ చుట్టూ కొంగు, ఒళ్లో ఫోను, దానికి తగిలించిన చిన్న స్పీకరు. మూలింటామె కొత్త చీర కట్టుకొచ్చింది. చిన్నమ్మ వైపు చూడకుండా మాట్లాడింది.

"అక్క మనకు చేసింది తక్కువేం కాదు. నేను కాదనలా. ఇంగ అక్కకు రెస్టు ఇద్దాం. మాట్లాడే మనిషిని లీడరుగా పెట్టుకుందాం. సరేనామ్మా?"

సరే అన్నారు కొందరు. కొన్ని చేతులు లేచాయి. మిగిలినవాళ్లు నేల చూశారు. చిన్నమ్మను నువ్వేమంటావని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను నోరు తెరవబోతే చిన్నమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది.

"సరి, అయిపాయె. పోదాం పదండి," అని మూలింటామె లేచింది. ఆమె వెనక అందరూ చీరలు దులుపుకుంటూ లేస్తున్నారు. చిన్నమ్మ మీట నొక్కింది.

"ఏయ్! యాడికి లేస్తా ఉండారు? కూసోండి! నేనింగా మాట్లాడతానే ఉండాను!"

ఒకప్పుడు రికార్డింగు మధ్యలో టీకి లేచిపోతున్న నన్నూ ఆపరేటర్‌నూ పట్టుకుని అరిచిన అరుపు అది. వరండా దాటి, లైను దాటి, ఆ చివరిదాకా పోయింది. ఎవరూ నవ్వలేదు. లేచినవాళ్లు లేచినట్టే, ఎందుకు కూర్చుంటున్నామో తెలియకుండానే కూర్చున్నారు. అందరికంటే ముందు మూలింటామె కూర్చుంది. చిన్నమ్మ ఒక్కతే లేచి నిలబడింది.